మాట నేర్పే చదువు: వినికిడి, వాక్ శాస్త్రాల్లో డిగ్రీ

ప్లస్ టూలో సైన్సు తీసుకున్న పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఏప్రిల్, మే నెలల్లో ఒకటే చర్చ. మెడిసిన్ సీటు వస్తుందా, రాకపోతే ఇంజనీరింగా, లేక ఇంకో ఏడాది కోచింగా? ఈ మూడింటికీ అవతల మంచి చదువులు ఉన్నాయని చెప్పేవారు తక్కువ. అటువంటి వాటిలో ఒకదానిని ఈ సంచికలో విద్యార్థినీ విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ పరిచయం చేస్తున్నాను. దాని పేరు బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీ. పొట్టిగా బి.ఎ.ఎస్.ఎల్.పి. అంటారు. వినికిడి, మాట, భాష అనే మూడింటిలో వచ్చే లోపాలను కనిపెట్టి, వాటితో బాధపడేవారికి తగిన సాధనమూ శిక్షణా ఇచ్చే శాస్త్రం ఇది.

నేను చదివింది బి.కాం., చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. వైద్యం నా విషయం కాదు. అయితే కౌంటరులో ఏళ్ల తరబడి కూర్చున్నవారికి వినికిడి లోపం అంటే ఏమిటో బాగా తెలుస్తుంది. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పెన్షనర్లు వచ్చేవారు. అద్దం ఇవతల నుంచి మేము అడిగేది కొందరికి వినబడేది కాదు. వినబడలేదని చెప్పడానికి మొహమాటం. ప్రతిదానికీ తల ఊపి, ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం చేసేవారు. వినికిడి తగ్గిన మనిషి సొంత డబ్బు విషయంలో కూడా పరాధీనుడవుతాడని అక్కడే అర్థమయింది. అందువల్ల ఈ చదువు గురించి తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఖర్చు, రుణం లెక్కలు మాత్రం నా సొంత వృత్తికి సంబంధించినవి.

అవసరం ఎంత ఉన్నది

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50.7 లక్షల మంది, మాట లోపం ఉన్నవారు దాదాపు 20 లక్షల మంది అని నమోదయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 43 కోట్ల మందికి వినికిడికి సంబంధించిన పునరావాస సేవలు అవసరం. 2050 నాటికి ఈ సంఖ్య 70 కోట్లు దాటుతుందని ఆ నివేదిక అంచనా.

పసిపిల్లల విషయంలో కాలం చాలా విలువైనది. పుట్టిన నెల లోపు వినికిడి పరీక్ష జరగాలి. అనుమానం ఉంటే 3 నెలల లోపు నిర్ధారణ కావాలి. లోపం ఉన్నట్లు తేలితే 6 నెలల లోపు శ్రవణయంత్రం, శిక్షణ మొదలు కావాలి. దీనినే 1-3-6 సూత్రం అంటారు. విన్న మాటనే బిడ్డ పలుకుతుంది. చెవికి అందని మాట నోటికి రాదు. మొదటి రెండు మూడు సంవత్సరాలలో మెదడు భాషను పట్టుకునే వేగం తరువాత ఉండదు.

మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? రెండేళ్లు దాటినా మాట రాకపోతే నాలుకకు వస రాస్తాము. "మగపిల్లలకు ఆలస్యమేలే, వాళ్ల నాన్నకూ మూడో ఏట వచ్చాయి" అని నాయనమ్మ ధైర్యం చెబుతుంది. ఆమె ప్రేమను తప్పు పట్టనక్కరలేదు. కాని వస రాసినా రాయకపోయినా చెవి పరీక్ష మాత్రం చేయించాలి. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, ఏడాది నిండి కొన్ని నెలలైనా ఒక్క మాట రాకపోవడం, రెండేళ్లకు "అమ్మా పాలు" వంటి రెండు మాటలు కలపలేకపోవడం, ఇవి చూస్తూ ఊరుకోకూడని గుర్తులు. దగ్గరి మేనరికపు పెళ్లిళ్లలో పుట్టిన పిల్లలకు పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ కుటుంబాలు మరింత శ్రద్ధ వహించాలి.

ఈ చదువులో ఏం నేర్పుతారు

ఇది 4 సంవత్సరాల కోర్సు. చివరి సంవత్సరం ఇంటర్న్‌షిప్. బోధన ఇంగ్లీషులో ఉంటుంది. చెవి, గొంతు, నోరు, మెదడు నిర్మాణం, శబ్దానికి సంబంధించిన భౌతికశాస్త్రం, భాషాశాస్త్రం, ధ్వనిశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కొంత ఎలక్ట్రానిక్స్, కొంత స్టాటిస్టిక్స్ చదవాలి. వీటితోపాటు క్లినిక్‌లో సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూడాలి. ఒక సైన్సు విద్యార్థికి భాషలోనూ అభిరుచి ఉంటే ఆ రెండూ ఒకేచోట ఉపయోగపడే చదువులు బహు కొద్ది. ఇది అందులో ఒకటి.

పనిలో రెండు పాయలు ఉన్నాయి.

మొదటిది ఆడియాలజీ, అనగా వినికిడి శాస్త్రం. ఆడియోమీటరు అనే యంత్రంతో 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క స్థాయి ధ్వనినీ వినిపించి, ఎంత మెల్లగా ఉన్నా వినగలుగుతున్నారో గీతగా గీస్తారు. ఆ గీతపటమే ఆడియోగ్రామ్. చెప్పలేని పసిబిడ్డలకు వేరే పరీక్షలు ఉన్నాయి. చెవిలో చిన్న మొన పెట్టి శబ్దం పంపితే, లోపలి చెవి తిరిగి ఇచ్చే అతి సన్నని ధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. దీనిని ఒ.ఎ.ఇ. పరీక్ష అంటారు. బెరా అనే మరో పరీక్షలో శబ్దానికి నరం నుంచి మెదడు వరకు వచ్చే స్పందనను తల మీద అతికించిన ఎలక్ట్రోడ్ల ద్వారా కొలుస్తారు. రెండూ బిడ్డ నిద్రలో ఉండగా చేయవచ్చు, నొప్పి ఉండదు. ఆ తరువాత శ్రవణయంత్రాన్ని ఎంపిక చేసి, ఆ మనిషి లోపానికి సరిపోయేట్లు అమర్చడం కూడా ఆడియాలజిస్టు పనే.

రెండవది స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీ, అనగా మాట, భాషల లోపాల శాస్త్రం. నత్తి ఉన్న కుర్రవాడు, గ్రహణం మొర్రికి ఆపరేషన్ అయినా ముక్కుతో మాట్లాడే పాప, ఆటిజం ఉన్న పిల్లవాడు, రోజంతా పాఠం చెప్పి గొంతు బొంగురుపోయిన టీచరు, వీరందరూ ఇక్కడికి వస్తారు. పక్షవాతం వచ్చిన పెద్దాయన ఎదుట గ్లాసు ఉంటుంది, దాహం తెలుస్తుంది, "నీళ్లు" అనే మాట మాత్రం దొరకదు. దీనిని అఫేసియా అంటారు. గొంతు క్యాన్సరుకు స్వరపేటిక తీసివేసినవారికి మళ్లీ మాట్లాడే మార్గం చూపడం, మింగలేనివారికి ప్రమాదం లేకుండా మింగడం నేర్పడం కూడా ఈ వృత్తిలో భాగమే.

కాక్లియర్ ఇంప్లాంట్ గురించి ఒక మాట. కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం కింద, కొన్ని రాష్ట్రాల ఆరోగ్య పథకాల కింద పేద పిల్లలకు ఈ ఆపరేషన్ చేస్తున్నారు. ఆపరేషన్ అయిన మరునాడే బిడ్డ మాట్లాడుతుందని చాలామంది అనుకుంటారు. యంత్రం శబ్దాన్ని అందిస్తుంది, అంతే. ఆ శబ్దానికి అర్థం తెలియడానికీ, బదులు పలకడానికీ నెలలు, సంవత్సరాల శిక్షణ కావాలి. ఆ శిక్షణ ఇచ్చేది ఈ చదువు చదివినవారే.

అలాగే, వినికిడి లేని ప్రతివారితోనూ మాట్లాడించి తీరడమే లక్ష్యమని భావించరాదు. భారతీయ సంజ్ఞా భాష స్వయంగా సంపూర్ణమైన భాష. దాని పరిశోధనకూ శిక్షణకూ 2015లో ఢిల్లీలో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఎవరికి ఏ మార్గం తగినదో కుటుంబానికి విడమరిచి చెప్పగలవారే మంచి నిపుణులు.

మన పిల్లలకు ఉన్న ప్రత్యేక అనుకూలత

ఈ బులెటిన్ చదివేవారిలో చాలామంది తెలుగు రాష్ట్రాలకు బయట తరాలుగా స్థిరపడినవారు. హోసూరులో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ. యానాం తెలుగు ఊరే అయినా పాలన పుదుచ్చేరి నుంచి కావడం వల్ల తమిళంతోనూ పని పడుతుంది. మన పిల్లలు ఐదో ఏట నుంచే రెండు భాషలలో నడుస్తారు. ఇతర చదువుల్లో దీనికి మార్కులు ఉండవు. ఈ వృత్తిలో ఇదే పెట్టుబడి.

ఎందుకంటే మాట లోపాన్ని ఇంటి భాషలోనే కొలవాలి. వేరుశనగకాయ బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే చిత్తూరు వైపు మూలాలున్న బిడ్డ "చెనిక్కాయ" అంటుంది, కర్నూలు వైపు బిడ్డ "బుడ్డలు" అంటుంది, తెలంగాణ నుంచి షోలాపూరు వెళ్లిన కుటుంబంలోని బిడ్డ "పల్లీలు" అంటుంది. ఉల్లిపాయను "ఎర్రగడ్డ" అనే ఇళ్లు ఉన్నాయి. ఇవి ఏవీ తప్పులు కావు. ఇంటి తెలుగు తెలియని పరీక్షకుడు వీటిని తప్పులుగా వేసే ప్రమాదం ఉన్నది. అలాగే మూడేళ్ల బిడ్డ "రాముడు" బదులు "లాముడు" అంటే వయసుతో సర్దుకునే విషయం. ఏడేళ్ల బిడ్డ ఇంకా "కోతి"ని "తోతి" అంటుంటే శిక్షణ కావాలి. ఏది యాస, ఏది వయసు, ఏది లోపం అని తేల్చడానికి ఆ భాష చెవికి పట్టి ఉండాలి.

ఇంకొక విషయం తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించాలి. బిడ్డకు మాట ఆలస్యమైతే "ఇంట్లో తెలుగు మానేయండి, బడి భాష ఒక్కటే మాట్లాడండి" అని ఇరుగుపొరుగు సలహా ఇస్తారు. రెండు భాషలు వినడం వల్ల మాట లోపం రాదని ఈ రంగంలో స్థిరపడిన విషయం. పైగా తెలుగు తప్ప మరొకటి సరిగా రాని తల్లి, వచ్చీరాని భాషలో బిడ్డతో నాలుగు ముక్కలు మాట్లాడితే బిడ్డకు వినబడే భాషే తగ్గిపోతుంది. అమ్మమ్మ కథ కూడా పోతుంది. తెలుగు, స్థానిక భాష రెండూ వచ్చిన నిపుణులు ఆ ఊళ్లలో ఉంటే ఇటువంటి కుటుంబాలకు ఎంతో మేలు.

అర్హత, సంస్థలు

సాధారణంగా ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీలతోపాటు బయాలజీ గాని, గణితం గాని, సంస్థ ఒప్పుకునే మరో సైన్సు సబ్జెక్టు గాని చదివి ఉండాలి. కనుక బైపీసీ వారికే కాదు, చాలా సంస్థల్లో ఎంపీసీ వారికీ అవకాశం ఉన్నది. కనీస మార్కులు, వయోపరిమితి, ప్రవేశ పరీక్ష ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధంగా ఉంటాయి. ఏ సంవత్సరం ప్రాస్పెక్టస్‌ను ఆ సంవత్సరం చదవాలి. పోయిన ఏడు అన్న రాసిన పద్ధతే ఈ ఏడు చెల్లుతుందనుకోవద్దు.

ముఖ్యమైన కొన్ని సంస్థలు:

మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్. 1965లో స్థాపించబడింది. కేంద్ర ఆరోగ్య శాఖ కింద పనిచేస్తుంది. ఈ రంగంలో దేశంలోనే పేరుపొందిన సంస్థ.

ముంబయి బాంద్రాలోని ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. 1983లో ఏర్పడింది. ఆలీ యావర్ జంగ్ గారు హైదరాబాదువారు, ఉస్మానియా విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరుగా చేసి, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా ఉండి 1976లో మరణించారు. ఈ సంస్థకు సికింద్రాబాదులోనూ, కలకత్తాలోనూ ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. యానాం, ఒడిశా విద్యార్థులకు ఇవి దగ్గర.

ముంబయిలో నాయర్ ఆసుపత్రికి చెందిన వైద్య కళాశాల, చెన్నై పోరూరులోని శ్రీ రామచంద్ర, తిరువనంతపురంలోని నిష్, మణిపాల్ సంస్థలు, బెంగళూరులోని చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఈ కోర్సు ఉన్నది. ప్రభుత్వ సంస్థలకూ ప్రైవేటు సంస్థలకూ ఫీజులో చాలా తేడా ఉంటుంది.

గుర్తింపు లేని చోట చేరవద్దు

ఈ వృత్తికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు తప్పనిసరి. ఆ చట్టం 1992లో వచ్చింది. కోర్సు పూర్తయిన తరువాత ఆ కౌన్సిల్ కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు కావాలి. నమోదు లేకుండా వృత్తి చేయడం ఆ చట్టం ప్రకారం శిక్షార్హం. నమోదును 5 సంవత్సరాలకొకసారి పునరుద్ధరించుకోవాలి.

కాబట్టి ఫీజు కట్టకముందే ఆ కళాశాలకు, ఆ కోర్సుకు, మీరు చేరే విద్యాసంవత్సరానికి కౌన్సిల్ అనుమతి ఉన్నదా అని కౌన్సిల్ జాబితాలో స్వయంగా చూసుకోవాలి. "అనుమతి వస్తోంది" అన్న మాటకు చెల్లుబాటు లేదు. ఒక సంవత్సరపు డిప్లొమా కూడా ఉన్నది. మంచిదే, కాని అది సహాయకులుగా పనిచేయడానికి. దానిని డిగ్రీతో సమానమని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఉద్యోగాలు

ఆసుపత్రుల చెవి ముక్కు గొంతు విభాగాలు, నరాల వ్యాధుల విభాగాలు, ప్రత్యేక పాఠశాలలు, శ్రవణయంత్రాల కంపెనీలు, సొంత క్లినిక్‌లు ఇందులో దారులు. కేంద్రం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలలో ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టుల స్థానాలు ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే వైకల్య ధ్రువపత్రాలకు వినికిడి కొలత అవసరం. శబ్దం వల్ల వచ్చే చెవుడును చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. షోలాపూరు, భివండీ మరమగ్గాల షెడ్డులలో పక్క మనిషితో కేక వేసి మాట్లాడే మనవారికి చెవి పరీక్ష ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

పైచదువు కావాలంటే ఆడియాలజీలో గాని, స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీలో గాని 2 సంవత్సరాల ఎం.ఎస్సీ. ఉన్నది. బోధన, పరిశోధన వైపు వెళ్లదలచినవారికి ఇది అవసరం. మొదటి జీతం ఒక్కసారిగా పెద్దదిగా ఉంటుందని ఆశించవద్దు. అనుభవంతో, నమ్మకంతో పెరిగే వృత్తి ఇది.

ఖర్చు, బ్యాంకు రుణం

ముందు స్కాలర్‌షిప్‌లు చూడండి. ప్రభుత్వ సంస్థలలో కొన్ని చదువుకునే కాలంలోనే స్టైపెండ్ ఇస్తాయి. ఇవి చాలకపోతే రుణం. విద్యారుణంలో 7.5 లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు, తల్లి గాని తండ్రి గాని సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. కోర్సు పూర్తయి మరో సంవత్సరం గడిచిన తరువాత వాయిదాలు మొదలవుతాయి. ఈ విరామ కాలంలో కూడా వడ్డీ పడుతుందని చాలామంది గమనించరు.

ఉదాహరణకు, 4 సంవత్సరాలూ ఏటా మొదట్లో లక్ష రూపాయల చొప్పున 10 శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకుందాం. ఐదవ సంవత్సరం చివరికి వడ్డీ 1,40,000 అవుతుంది. అసలుతో కలిపి 5,40,000. దీనిని 10 సంవత్సరాలలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు కట్టాలి. అదే ఆ వడ్డీని ఎప్పటికప్పుడు కడుతూ వస్తే, మొదటి ఏడు నెలకు సుమారు 833, రెండవ ఏడు 1,667, మూడవ ఏడు 2,500, తరువాత రెండేళ్లు 3,333 అవుతుంది. అప్పుడు పిల్లల మీద మిగిలేది 4 లక్షలు, నెలవాయిదా సుమారు 5,290. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి నెలకు 1,850 రూపాయల తేడా చిన్నది కాదు. తండ్రికి వీలున్నంత వరకు వడ్డీ కట్టడం మంచిది.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. జాబితాలో ఉన్న ఉన్నత శ్రేణి సంస్థలలో చేరి, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ లేదా వడ్డీ రాయితీ పొందేవారికి ఇది వర్తించదు. మీరు చేరే సంస్థ జాబితాలో ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

చేరేముందు వేసుకోవలసిన ప్రశ్నలు

1. ఒకే మాటను నూరుసార్లు విసుగు లేకుండా చెప్పగల ఓర్పు నాకు ఉన్నదా? ఈ వృత్తిలో ఫలితం నెలల మీద కనిపిస్తుంది.
2. ఏదైనా క్లినిక్‌లో అనుమతి తీసుకుని ఒక పూట కూర్చుని పని చూశానా?
3. సంస్థకు ఈ విద్యాసంవత్సరానికి కౌన్సిల్ అనుమతి ఉన్నదా?
4. 4 సంవత్సరాల మొత్తం ఖర్చు, హాస్టలుతో సహా, కాగితం మీద వేసుకున్నామా?
5. తెలుగు చదవడం, రాయడం వచ్చునా? మాట్లాడడం వచ్చి రాయడం రానివారు ఈ వేసవిలోనే అక్షరాలు నేర్చుకోవాలి. ధ్వనులను వేరుచేసి చూడడానికి మన వర్ణమాల కంటే మంచి మొదటి పాఠం లేదు.

మెడిసిన్ రాలేదు కనుక ఇది అన్న మనసుతో చేరితే మొదటి సంవత్సరమే విసుగు వస్తుంది. ఇదే కావాలని చేరినవారికి మాత్రం, ఐదేళ్ల బిడ్డ మొదటిసారి "అమ్మా" అని పిలిచినప్పుడు ఆ తల్లి ముఖం చూసే అవకాశం ఉంటుంది. మన కుటుంబాలలో ఏ ఒక్కరైనా ఈ దారిలో నడిచి, తమ ఊరిలోనే తెలుగులోనూ స్థానిక భాషలోనూ సేవ చేయగలిగితే ఈ వ్యాసానికి ప్రయోజనం నెరవేరినట్లే. ఆసక్తి ఉన్న విద్యార్థులు ప్రాస్పెక్టస్ తెప్పించుకుని, తల్లిదండ్రులతో కూర్చుని లెక్క వేసుకుని, గడువుకు ముందే దరఖాస్తు చేయగలరని మనవి.